సహాయ సంఘంలో చేరబోతున్న పిల్లలకు

పిల్లలూ,

ఈ ఏడాది నుంచి మన విచారణ (అంటే మన గుడి కిందికి వచ్చే ప్రాంతం) సహాయ సంఘం పనుల్లో పై తరగతుల పిల్లలను కూడా కలుపుకుందామని ఫాదర్ గారు అనగానే మీరంతా పోటీపడి పేర్లిచ్చారట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు నిండుగా ఉంది. చాలాకాలంగా ఈ పనిలో ఉన్న పెద్దవాణ్ణి కాబట్టి, మీరు మొదటి ఇంటి గడప ఎక్కకముందే నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఉత్తరం కాస్త పొడుగే. తీరిక చూసుకుని చదవండి.

ముందుగా ఒక పాత సంగతి. 1617లో ఫ్రాన్స్ దేశంలోని షాటియోన్ అనే చిన్న ఊళ్ళో విన్సెంట్ డి పాల్ గారు విచారణ గురువుగా, అంటే అక్కడి గుడి ఫాదర్‌గా ఉండేవారు. ఆగస్టు నెలలో ఒక ఆదివారం, ఆయన పూజకు సిద్ధమవుతుండగా ఎవరో వచ్చి ఊరికి దూరంగా ఉన్న ఒక ఇంటి గురించి చెప్పారు. ఆ ఇంట్లో అందరూ జబ్బుపడ్డారు, ఒకరికొకరు చేసుకునే స్థితి కూడా లేదు. ఆయన ఆ మాటే ప్రసంగంలో చెప్పారు. వింటున్నవాళ్ళ గుండె కరిగింది. సాయంత్రం ప్రార్థన ముగిశాక ఆయన కూడా ఆ ఇంటికి బయలుదేరారు. దారి పొడుగునా జనమే! వెళ్ళేవాళ్ళు వెళ్తున్నారు, వచ్చేవాళ్ళు వస్తున్నారు, ఎండకు తట్టుకోలేక దారి పక్కన కూర్చున్నవాళ్ళు కూర్చున్నారు. అది చూస్తే పండగ ఊరేగింపులా ఉందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

ఇంకొకరైతే ఆ దృశ్యం చూసి పొంగిపోయి, దేవుడికి స్తోత్రం చెప్పి, ఇంటికి వెళ్ళిపోయి ఉండేవారు. ఆయన మాత్రం ఆలోచనలో పడ్డారు. ఇన్ని రొట్టెలు, ఇంత మాంసం ఒక్కరోజే వచ్చిపడితే ఆ ఇంటివాళ్ళు ఏం చేసుకుంటారు? సగం పాడైపోతుంది. నాలుగు రోజులు గడిస్తే మళ్ళీ అదే ఆకలి, అప్పుడు తలుపు తట్టేవాళ్ళు ఉండరు. ఊళ్ళో ప్రేమ బోలెడంత ఉంది, దానికొక పద్ధతే లేదు. రెండు మూడు రోజుల్లోనే ఆయన ఊరి ఆడవాళ్ళను సమావేశపరచి, ఏ రోజు ఎవరు వెళ్ళాలో వంతులు పెట్టించారు. ఆ ఏడాది చివరికల్లా ఆ సంఘానికి రాతపూర్వకమైన నియమావళి తయారైంది, పై అధికారుల ఆమోదమూ వచ్చింది.

ఆ నియమావళిలో నాకు చాలా ఇష్టమైన ఒక చిన్న మాట ఉంది. రోగుల దగ్గరికి వెళ్ళేటప్పుడు, తోడు ఎవరైనా ఉన్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టి, ఒంటరిగా ఉన్నవాళ్ళను చివరికి ఉంచుకోవాలట. ఎందుకో తెలుసా? చివరి ఇంట్లో తొందర ఉండదు, ఎక్కువసేపు కూర్చోవచ్చు. సొంత కొడుక్కి తినిపించినట్టు తినిపించాలని కూడా అందులో రాసి ఉంది. ఇంత సున్నితమైన విషయాన్ని ఒక సంఘం నియమాల్లో రాసుకోవాలని ఆ రోజుల్లోనే వాళ్ళకు తోచింది చూశారా! మీ వంతు పట్టిక వేసుకునేటప్పుడు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఒంటరివాళ్ళ ఇల్లు ఎప్పుడూ ఆఖరున ఉండాలి.

ఈ పనికి విన్సెంట్ గారే ఆద్యులని అనుకోకండి. బైబిల్లో అపోస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చూడండి. తొలి క్రైస్తవ సంఘంలో పేదలకు రోజువారీ పంపకం ఉండేది. తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే విశ్వాసులు ఫిర్యాదు చేశారు. పెద్దలు ఆ ఫిర్యాదును కొట్టిపారేయలేదు. నమ్మకస్తులైన ఏడుగురిని ఎన్నుకోమని సంఘానికే చెప్పారు. ఎన్నికైనవాళ్ళ పేర్లు చదివితే అన్నీ గ్రీకు పేర్లే. నాకైతే, అన్యాయం జరిగిందని గొంతెత్తినవాళ్ళ చేతికే పంపకం అప్పగించినట్టు కనిపిస్తుంది. మన జాబితాలో ఎవరి పేరైనా తప్పిపోయిందని రేపు ఎవరైనా కోపంగా వచ్చి అడిగితే, వాళ్ళను శత్రువుల్లా చూడకండి. మన కంటికి ఆనని ఇల్లు వాళ్ళకు కనిపించింది, అంతే.

ఆదివారం కానుకల సంచిలో వేసే డబ్బు కథ కూడా అంత పాతదే. రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారు) రోము చక్రవర్తికి క్రైస్తవుల ఆదివారం ఎలా ఉంటుందో వివరిస్తూ రాశారు. కలిగినవాళ్ళు ఇష్టమైనంత ఇస్తారు, అదంతా పూజ నడిపించే పెద్ద దగ్గర ఉంటుంది, ఆయన దాంతో అనాథలను, విధవరాండ్రను, జబ్బుపడ్డవాళ్ళను, చెరసాలలో ఉన్నవాళ్ళను, పరదేశులను చూసుకుంటారు. మరి కొన్నేళ్ళకు టెర్టుల్లియన్ అనే రచయిత పేదల అంత్యక్రియలను, ఇల్లు కదలలేని ముసలివాళ్ళను, ఓడ మునిగి సర్వం పోగొట్టుకున్నవాళ్ళను కూడా ఆ లెక్కలో చేర్చారు. ఎవరినీ బలవంతపెట్టేది లేదని మరీ మరీ చెప్పారు. 251 నాటికి రోము నగరంలోని సంఘం 1500 మందికి పైగా విధవరాండ్రను, కష్టాల్లో ఉన్నవాళ్ళను పోషిస్తోందని అక్కడి బిషప్ కొర్నేలియుస్ ఒక లేఖలో రాశారు. అప్పటికి క్రైస్తవులకు రాజ్యం అండ లేదు సరికదా, హింసే ఉంది. అయినా వారం వారం వచ్చే కానుకలతో అంతమందిని చూసుకున్నారు.

ఇక్కడ మీకు తప్పకుండా ఒక సందేహం వస్తుంది. మన గుడికి వచ్చేవాళ్ళకేనా సహాయం? కాదు. విచారణ హద్దుల్లో ఉన్న ప్రతి ఇల్లూ మనదే. ఆ ఇంట్లో ఎవరిని కొలుస్తారు, అసలు కొలుస్తారా లేదా అన్నది మనం అడగం. 362లో జూలియన్ అనే రోము చక్రవర్తి, క్రైస్తవమంటే గిట్టనివాడు, తన పూజారికి ఒక లేఖ రాశాడు. ఆ క్రైస్తవులు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్ళకు మన సహాయమే అందకపోవడం సిగ్గుచేటు అని అందులో వాపోయాడు. విరోధి నోటి నుంచి వచ్చిన సాక్ష్యం కాబట్టి దానికి విలువ ఎక్కువ. ఇచ్చే చెయ్యి బదులుగా ఏదీ కోరకూడదు. ప్రార్థనకు రమ్మని షరతు పెట్టడం, గుడికి రాలేదేమని తర్వాత నిలదీయడం సహాయం కాదు, బేరం. మీలో ఎవరైనా అలా చేస్తుంటే చూసినవాళ్ళు వెంటనే నాకు చెప్పండి.

ఇక ఇళ్ళకు వెళ్ళే పద్ధతి. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే వెళ్ళాలి, ఆ ఇద్దరిలో ఒకరు పెద్దవాళ్ళు ఉండి తీరాలి. మీ క్షేమం కోసమూ, ఆ ఇంటివాళ్ళ క్షేమం కోసమూ ఈ నియమం పెట్టుకున్నాం. దీనికి మినహాయింపు లేదు. వెళ్ళగానే ఏం కావాలని అడగొద్దు. కూర్చోండి, మాట్లాడనివ్వండి. కష్టంలో ఉన్న మనిషి మొదట చెప్పే అవసరం చాలాసార్లు అసలు అవసరం కాదు. మందులకు డబ్బు కావాలన్న ముసలాయనకు, కాసేపు మాట్లాడిస్తే, ఆసుపత్రి దాకా తోడు వచ్చే మనిషి లేకపోవడమే పెద్ద ఇబ్బంది అని తేలుతుంది. బిడ్డ ఫీజు కట్టమని అడిగిన తల్లికి, కాగితం నింపడం తెలియక ప్రభుత్వం ఇచ్చే సహాయమే ఆగిపోయి ఉంటుంది. అర్జీ రాసిపెట్టడం, ఏ ధ్రువపత్రం ఎక్కడ దొరుకుతుందో చెప్పడం, కార్యాలయానికి వెంట వెళ్ళడం మన డబ్బు కంటే ఎక్కువ పని చేస్తాయి. చదువుకుంటున్న మీకు ఇది బాగా చేతనవుతుంది. మాలో చాలామందికి ఇప్పటి ఆన్‌లైన్ దరఖాస్తులు కొరుకుడుపడవు, ఆ భారం మీరు ఎత్తుకుంటే మాకెంతో ఊరట.

డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడు వీలున్నచోట నేరుగా బడికో, మందుల కొట్టుకో చెల్లిస్తాం. ఆ ఇంటివాళ్ళను అనుమానించి కాదు. అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చుని ఉన్నప్పుడు చేతిలో డబ్బు నిలవడం ఎంత కష్టమో మాకు తెలుసు. కొందరికి చేతికే ఇవ్వాలి, వాళ్ళ సంసారం వాళ్ళకే బాగా తెలుసు. ఏది ఎవరికన్నది మీరు ఒక్కరే తేల్చకండి, సంఘం కూర్చుని తేలుస్తుంది. మాట ఇచ్చి రావొద్దు. సంఘంలో అడిగి చెబుతామని మాత్రం అనండి. ఆశ పెట్టి తీర్చకపోవడం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

విన్న సంగతులు గడప దాటకూడదు. ఈ విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను. ఆ ఇంట్లో మీ తరగతి పిల్లవాడో పిల్లో ఉండొచ్చు. మరునాడు బడిలో కనబడితే రోజూ ఎలా పలకరిస్తారో అలాగే పలకరించండి. జాలి చూపు కూడా వద్దు, అది వాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. మన పుస్తకంలో పేర్ల బదులు నంబర్లు రాసేది ఇందుకే. ఇస్తున్నప్పుడు ఫోటోలు తీయడం, వాటిని పదిమందికి పంపడం మన సంఘంలో లేదు. దాతలు చూడాలనుకుంటే లెక్కల పుస్తకం ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. సహాయం తీసుకుంటున్న మనిషి ముఖం ఎవరి ఆనందం కోసమూ కాదు.

పాత బట్టలు పోగుచేసేటప్పుడు ఒక్కటే చూడండి, మీ తమ్ముడికో చెల్లికో తొడుగుతారా? తొడుగుతామనిపిస్తే తీసుకోండి, లేకపోతే మర్యాదగా వద్దనండి. గడువు దాటిన మందులు, డబ్బాలు కూడా అంతే.

లెక్కల సంగతి పెద్దలది అనుకోకండి, మీకూ తెలియాలి. యెరూషలేములోని పేదల కోసం తొలి క్రైస్తవ బోధకులైన పౌలు గారు ఎన్నో సంఘాల నుంచి విరాళం పోగుచేశారు. అంత నమ్మకమైన మనిషి కూడా ఆ డబ్బు ఒంటరిగా మోయలేదు. ఎవరూ తప్పు పట్టడానికి చోటుండకూడదని, సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నారు. కొరింథీయులకు రాసిన రెండో లేఖ ఎనిమిదో అధ్యాయంలో ఇది ఉంది. అందుకే మన దగ్గర కూడా కానుకల పెట్టె ఇద్దరు లేనిదే తెరవం, పేదల నిధిని గుడి మరమ్మతుల ఖాతాతో కలపం, ఏడాదికోసారి జమాఖర్చులు అందరి ముందూ చదువుతాం. ఎంత మంచివాళ్ళైనా సరే, లెక్క అడిగినప్పుడు నొచ్చుకోకూడదు.

విచారణ చేయగలిగిన పని తిండీబట్టా దగ్గరే ఆగదు. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టరులో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా యజమాని, అక్కడి గురువు ఒకరితో కలిసి, వారమంతా పనికి వెళ్ళే పేదపిల్లలకు ఆదివారం చదువు నేర్పించడం మొదలుపెట్టారు. సండే స్కూళ్ళు దేశమంతా వ్యాపించడానికి అదే ఊపు. అవి మొదట్లో అక్షరాలు దిద్దించిన బడులు! 1953లో లండన్‌లో చాడ్ వారా అనే విచారణ గురువు, బతుకు మీద ఆశ సన్నగిల్లినవాళ్ళు మాట్లాడుకోవడానికి తన గుడిలో ఒక ఫోన్ పెట్టారు. జనం వచ్చేవారు కూడా. ఆయన కోసం ఎదురుచూస్తూ, అక్కడ సాయం చేయడానికి వచ్చిన మామూలు మనుషులతో మాట్లాడి, చాలామంది ఆయన్ని కలవకుండానే తేలికపడి వెళ్ళిపోయేవారు. అది గమనించి కొద్ది నెలల్లోనే ఆ పని వాళ్ళకే అప్పగించారు. చెవి ఒగ్గి వినడానికి పెద్ద చదువులు అక్కర్లేదని అక్కడ తేలింది. అయితే ఎవరైనా మీతో చావు మాట ఎత్తితే మాత్రం దాన్ని గుట్టుగా ఉంచొద్దు, అదే రోజు మాలో ఒకరికి చెప్పాలి. గడప దాటకూడదన్న నియమం దీనికి వర్తించదు.

మేం చిన్నవాళ్ళం కదా, మా వల్ల ఏమవుతుందని మీలో ఒకరిద్దరు అన్నారట. పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనామ్ అనే విద్యార్థి, తోటి విద్యార్థులు కొందరితో కలిసి పేదల ఇళ్ళకు వెళ్ళే సంఘాన్ని మొదలుపెట్టింది 1833 ఏప్రిల్ 23న. ఆ రోజుతో ఆయనకు సరిగ్గా 20 ఏళ్ళు. మీ మతం ఒకప్పుడు మేలు చేసిందేమో, ఇప్పుడేం చేస్తోంది అని చర్చావేదికలో ఒకరు అడిగితే, వాదనతో కాక పనితో జవాబు చెప్పాలనుకున్నారు. ఎవరి ఇంటికి వెళ్ళాలో, ఎలా మాట్లాడాలో తెలియక రోజలీ రాందూ అనే మఠకన్య దగ్గర నేర్చుకున్నారు. ఆమె ఎన్నో ఏళ్ళుగా ఆ పేటలోని పేదల మధ్యే ఉంటున్నారు. విన్సెంట్ డి పాల్ గారి పేరు పెట్టుకున్న ఆ సంఘం ఇప్పుడు దాదాపు 150 దేశాల్లో ఉంది. ఆ యువకులకు ఉత్సాహం ఉంది, ఆమెకు అనుభవం ఉంది. మన సంఘంలో కూడా అలా జతపడాలన్నది నా కోరిక.

ఒక మాట ముందే చెబుతున్నాను. మీరు వెళ్ళిన కొన్ని ఇళ్ళ పరిస్థితి మనం ఎంత చేసినా మారదు. తాగుడు మానని తండ్రి ఉంటాడు, నయంకాని జబ్బు ఉంటుంది, మన నిధికి అందని అప్పు ఉంటుంది. అలాంటి ఇంటికి వెళ్ళి ఏం లాభమని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. ఆ ఇంటి పేరు కొట్టేయడానికి నేను ఎప్పుడూ ఒప్పుకోను. మన వంతు వచ్చినప్పుడు మనం వెళ్తాం, అంతే.

రెండో ఆదివారం పూజ కాగానే గుడి పక్క గదిలో కలుద్దాం. జతలు, వంతులు అక్కడే వేసుకుందాం. అమ్మానాన్నల సంతకంతో అనుమతి చీటీ తేవడం మరిచిపోకండి, అది లేనివాళ్ళను ఆ రోజు పంపను. ఒక చిన్న నోటుపుస్తకం తెచ్చుకోండి. ఇళ్ళకు వెళ్ళేటప్పుడు ఫోన్లు పెద్దవాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళాలి.

ప్రేమతో,
మీ తాతయ్య