చెరువు కాడికి మధ్యాన్నం పోతే ఏం తెలుసుద్ది?

ఒరే చిన్నా, బుజ్జమ్మా, ఇంకా మీ క్లాసు పిలకాయలందరికీ,

మీరు వాట్సాప్‌లో పంపిన చార్టు చూశా. రంగులు బాగా వేశారు, బొచ్చె చేపకి మీసాలు పెట్టారు గానీ పోనీలే (బొచ్చెకి మీసాలుండవురా, అవి ఉండేది జెల్లకి, మార్పు చేపకి). కింద పెద్దక్షరాలతో "మన చెరువు నీళ్ళు చాలా బాగున్నాయి" అని రాశారు చూడండి, ఆడ ఆగిపోయా. ఎప్పుడు చూశారు అని ఫోన్లో అడిగితే లంచ్ బెల్ అయ్యాక పోయాం తాతా అన్నారు. ఒక్క రోజు, ఒక్కసారి, అదీ మధ్యాన్నం ఒంటిగంటకి. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లోనే చెప్పొచ్చుగా అని మీ అవ్వ అంటా ఉంది, నాకేమో రాస్తేనే కుదురుద్ది.

మీరు చేసిన తప్పే నేనూ చేశాలే. ముప్పై ఏళ్ళ కింద నేనూ ఇంకో ఇద్దరూ కలిసి పక్కూరి చెరువు పాటకి తీసుకున్నాం, బొచ్చె, రాగండి పిల్లల్ని తెచ్చి వదిలాం. నీళ్ళు చూసే కిట్టు కూడా కొన్నా, అప్పట్లో మన పక్క అది పెద్ద సంగతి. నాకు తెల్లారి లేవాలంటే బద్ధకం, రోజూ అన్నం తిన్నాక తీరిగ్గా పోయి నీళ్ళు పట్టేవాణ్ణి, ఆక్సిజన్ లీటరుకి పది మిల్లీగ్రాములు వచ్చేది, పదకొండు వచ్చేది, ఒక రోజు పన్నెండు కూడా వచ్చింది. నీళ్ళేమో గోరింటాకు నూరి కలిపినట్టు పచ్చగా, చిక్కగా. చేపకి మేత బాగా పట్టిందని మురిసిపోయాం. అక్టోబరులో ముసురు పట్టింది, మూడు రోజులు ఎండ మొహం చూళ్ళేదు, నాలుగో రోజు ఇంకా తెల్లారకముందే కాపలా ఆయన వచ్చి తలుపు కొట్టాడు. పోయి చూస్తే కలుజు దగ్గర్నుంచి తూము దాకా తెల్లటి పొట్టలు. పెద్ద చేపలే ముందు పోయాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే నోరు తెరుచుకొని, మొప్పలు విచ్చుకొని, గాలి కోసం పెనుగులాడి పెనుగులాడి పోయినట్టు తెలిసిపోతా ఉంది. ఆ పొద్దున కిట్టు తీస్తే ఒక్క చుక్కకే రంగు పోయింది, అంటే ఆక్సిజన్ ఉన్నా లేనట్టే. కొర్రమీను మాత్రం హాయిగా తిరగతా ఉండింది, ఎందుకో తర్వాత చెప్తా.

నీళ్ళు పచ్చగా ఉన్నాయంటే అందులో కంటికి ఆనని సన్న పాచి కోట్లల్లో ఉందని. పగలు ఎండ తగిలితే అది ఆక్సిజన్ వదులుద్ది, అది మీ సైన్సు పుస్తకంలో ఉంది. రాత్రి అదే పాచి, చేపలు, అడుగున కుళ్ళే ఆకులూ అన్నీ కలిసి ఆ ఆక్సిజన్ని పీల్చుకుంటాయి, ఇది చాలామందికి గుర్తుండదు. మన ఎండలకి నీళ్ళు 30 డిగ్రీల కాడ ఉంటే మంచి నీళ్ళల్లో గాలి నుంచి కలిసే ఆక్సిజన్ లీటరుకి సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే, అంతకన్నా ఎక్కువొచ్చిందంటే పాచి తయారు చేస్తా ఉందని అర్థం, పాచి అంత ఉంటే రాత్రికి అంతగా దిగిపోద్ది. ముసురు పట్టినప్పుడు పగలు తయారయ్యేది ఉండదు, రాత్రి ఖర్చు మాత్రం ఆగదు. మీ మామ రొయ్యల గుంటల మీద రాత్రంతా ఏరేటర్లు (నీళ్ళని చిలికి గాలి కలిపేవి) ఎందుకు తిప్పుతాడో, కరెంటు పోతే జనరేటర్ కోసం ఎందుకు పరిగెత్తతాడో ఇప్పుడు తెలిసిందా? చెరువుకి ఏరేటర్ లేదు.

కాబట్టి తెల్లారి అయిదున్నరకి ఒకసారి, మధ్యాన్నం రెండింటికి ఒకసారి, అదే రోజు, అదే రేవులో చూడండి. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం చేపలు పెరిగే నీళ్ళల్లో ఆక్సిజన్ లీటరుకి 4 మిల్లీగ్రాములకి తగ్గకూడదు, పీహెచ్ (నీళ్ళల్లో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే అంకె) ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపల ఉండాలి. పీహెచ్ కూడా మధ్యాన్నం పైకెక్కుద్ది, పాచి నీళ్ళల్లో కార్బన్ డయాక్సైడ్‌ని లాగేస్తది గదా అందుకు.

కిట్టు వాడేటప్పుడు సీసాని నీళ్ళల్లో ముంచి, నిదానంగా నింపి, నీళ్ళల్లోనే మూత పెట్టాలి, లోపల ఒక్క బుడగ మిగిలినా లెక్క తప్పే. మొదటి రెండు మందులు వేసి తిప్పితే లోపల మబ్బు కట్టినట్టు అవుద్ది. ఆ మబ్బు ఇటుక పొడి రంగులో ఉంటే ఆక్సిజన్ ఉంది, తెల్లగానే ఉండిపోతే లేదు, నాకైతే ఈ ఒక్క చూపుతోనే సగం కథ తెలిసిపోద్ది. తర్వాత యాసిడ్ (ఇది మీరు ముట్టుకోవద్దు, సారు వేస్తారు), నీళ్ళు టీ డికాషన్ రంగుకొస్తాయి, గంజి మందు వేస్తే నీలం, అప్పుడు చివరి మందుని ఒక్కో చుక్కా లెక్కపెడతా వేస్తా పోతే ఒక చుక్క దగ్గర నీలం టక్కున మాయమవుద్ది. ఎన్ని చుక్కలు పట్టాయో అదే మీ లెక్క. వింక్లర్ అనే ఆయన 1888లో చెప్పిన పద్ధతి ఇది, మీటర్లు ఎన్నొచ్చినా మీటరు సరిగ్గా చెప్తా ఉందా లేదా అని చూసుకోడానికి ఇప్పటికీ దీని దగ్గరికే వస్తారు.

నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూడ్డానికి పైసా ఖర్చు లేదు. అవ్వని అడిగి ఒక పాత స్టీలు మూత తీసుకోండి, జానెడు వెడల్పుది చాలు, నాలుగు భాగాలు చేసి నలుపూ తెలుపూ మార్చి మార్చి రంగెయ్యండి, కింద రాయి కట్టండి, తాడుకి పది సెంటీమీటర్లకి ఒక ముడి. నీళ్ళల్లోకి దించతా పోతే ఒక చోట కనపడకుండా పోద్ది, మెల్లిగా పైకి లాగితే మళ్ళీ కనపడుద్ది, ఆ రెండు లోతుల మధ్యది రాసుకోండి. సెక్కీ అనే ఇటలీ ఆయన 1865లో సముద్రంలో ఇట్టాంటి పళ్ళేలే దించి చూశాడు. అన్నట్టు తెప్ప మీదికి పెద్దోళ్ళు లేకుండా ఎక్కారంటే కాళ్ళిరగ్గొడతా.

ఇంక గుర్రపు డెక్క. పూలు బాగున్నాయని ఫొటో తీసి స్టేటస్ పెట్టింది గదా బుజ్జి, అది మన మొక్కే కాదమ్మా, దక్షిణ అమెరికాది, అందంగా ఉందని తెచ్చి పెంచుకున్నారు, ఇప్పుడు వదిలించుకోలేక చస్తా ఉన్నాం. దానికి అనువుగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపు అవుద్ది. పైన దుప్పటి కప్పినట్టు కప్పేస్తే ఎండ లోపలికి దిగదు, గాలికి నీళ్ళు కదలవు, అడుగున పెరిగే నాచు చచ్చిపోద్ది. ఆ నాచులోనే చేపపిల్లలు దాక్కునేది. పీవీసీ పైపుతో మీటరు చదరం చేసి నీళ్ళ మీద వదలండి, అందులో డెక్క ఎంత, తామర ఎంత, ఖాళీ ఎంత అని నెలనెలా గీయండి. డెక్క ఎక్కడ దట్టంగా ఉందో చూస్తే మురుగు కాలవ ఎక్కడ కలుస్తా ఉందో మిమ్మల్ని ఎవరూ అడక్కుండానే చెప్పగలరు.

కెనడాలో ఒక చెరువుని (దానికి పేరు కూడా లేదు, 226 అని నంబరే) 1973లో మధ్యకి పరదా కట్టి రెండు చేశారంట. రెండు పక్కలా నత్రజని, కార్బన్ వేశారు, ఒక పక్క మాత్రం అదనంగా ఫాస్ఫరస్ వేశారు. ఆ పక్కే పాచి కమ్మి పచ్చబడింది, రెండో పక్క మామూలుగానే ఉంది. మన కయ్యల్లో చల్లే డీఏపీలో ఉండేది కూడా ఫాస్ఫరసే, వాన కొడితే అది కాలవల్లో పడి యాడికి పోతాదో మీకు తెలుసు.

చేపల సంగతికొస్తే, ఎన్ని పడ్డాయన్నది కాదు, ఏవి పడ్డాయన్నది చూడండి. ఎప్పుడూ ఒకే వల, అదే కన్ను, అంతే సేపు, లేకపోతే పోయిన నెలకీ ఈ నెలకీ పోలిక కుదరదు. చేతులు తడుపుకొని పట్టుకోండి, పొడి చేత్తో పడితే ఒంటి మీద జిగురు ఊడిపోయి తర్వాత పుండు పడుద్ది. కొలిచి వదిలెయ్యండి. పరిగెలు, రాగండి, బొచ్చె అన్నీ పడతా ఉంటే సరే. కొన్నాళ్ళకి కొర్రమీను, మార్పు తప్ప ఏవీ పడట్లేదంటే నీళ్ళల్లో ఊపిరాడట్లేదని. ఆ రెండూ పైకొచ్చి గాలి మింగి బతకగలవు, అందుకే నా చెరువులో కూడా అవే మిగిలాయి. ఊళ్ళో అందరూ కొర్రమీను పులుసు వండుకున్నారు ఆ వారం, మామిడికాయ సీజను కాదు కాబట్టి చింతపండుతోనే, నాకైతే ముద్ద దిగలేదు. అడుగు బురద తీసి చూడండి, ఎర్రటి సన్న పురుగులే కనపడితే అదీ అదే లెక్క, వాటి ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే, తక్కువ ఆక్సిజన్‌తో గడుపుకుంటాయి.

ఒక ఏడాదన్నా చెయ్యాలి ఇదంతా. చాలా జిల్లాలకి నైరుతిలో వానలు, మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గదా అసలు వాన, నవంబరులో నిండిన చెరువూ మే నెలలో మడుగైపోయిన చెరువూ ఒకటి కాదు. ఒక రోజు పోలేకపోతే "పోలేదు" అనే రాయండి, ముందురోజు అంకె దించొద్దు. వల్లో ఏమీ పడకపోతే సున్నా రాయండి. నా పాత నోట్సులో మధ్యాన్నం చూసి రాసినవి నూట పది దాకా ఉన్నాయి, అన్నీ నిజమే, ఒక్కటీ పనికి రాలేదు.

చార్టు చింపకండి, ఆ ఒక్క లైను మీద తెల్ల కాగితం అతికించి ఖాళీగా వదలండి. శనివారం మీ మామ బండి మీద తెల్లారి అయిదింటికల్లా కట్ట మీదికి వస్తా, థర్మామీటరు, కిట్టు నా దగ్గరున్నాయి, మూతా తాడూ మీవి. టార్చి మర్చిపోవద్దు. అవ్వ ఉప్మా కట్టిస్తానంది.

తాత