ఎండ కాచుకునే సీతాకోకచిలుకలు

"వసంతం వచ్చింది, పూలూ పూశాయి, మరి సీతాకోకచిలుకలేవి?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఉన్నాయి. చలికి ఎగరలేక ఏ ఆకు చాటునో కూర్చున్నాయి. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా అంటూ బళ్లో గీసిన బొమ్మ అందరికీ కంఠతా వచ్చు, దాన్ని వదిలేద్దాం. అసలు మజా వేడి లెక్కలో ఉంది.

రెక్కల్ని ఆడించే కండరాలు తల వెనకున్న నడిమి భాగంలో ఉంటాయి. చాలా జాతుల్లో అక్కడ దాదాపు 30 డిగ్రీల వేడి ఉంటే తప్ప చురుగ్గా ఎగరలేవు. గాలిలో ఉన్నది 14 డిగ్రీలేననుకోండి, మిగతా 16 ఎక్కణ్ణుంచి రావాలి? మొనార్క్ లాంటి జాతులు రెక్కలు వణికించి కొంత వేడి పుట్టించుకుంటాయి గానీ దానికి తాగిన తేనె ఖర్చవుతుంది. ఎండ ఉచితం.

ఎండ కాచుకోవడంలో ఒక్కోదానిది ఒక్కో తీరు. పెయింటెడ్ లేడీ నేలమీద వాలి రెక్కలు బార్లా పరుస్తుంది. పసుపుపచ్చ కోలియస్ జాతులు రెక్కలు మూసి, పక్కకు ఒరిగి, ఎండకు లంబంగా నిలుస్తాయి. నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది క్యాబేజీ వైట్. తెల్ల రెక్కల్ని కొద్దిగానే తెరిచి, వాటిమీద పడ్డ వెలుగును మధ్యలో ఉన్న ఒంటిమీదికి మళ్లిస్తుంది. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో కొలిచి చూపించారు: రెక్కలు 17 డిగ్రీల కోణంలో ఉంటే, పూర్తిగా పరిచినప్పటికన్నా ఒళ్లు 7.3 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. అదే కిటుకు సోలార్ సెల్స్‌కూ పనికొచ్చింది.

ముదురు రంగు రెక్కల సంగతి వేరు. రెక్క మరీ పలచన కావడంతో అంచున పట్టిన వేడి ఒంటికి చేరేలోపే గాలిపాలవుతుంది. అక్కరకొచ్చేది రెక్క ఒంటికి అతికే మొదలు దగ్గరి భాగమే. కొండల మీది కోలియస్‌లకు వెనక రెక్క అడుగున, సరిగ్గా ఆ మొదట్లోనే నల్ల పొలుసులు దట్టంగా ఉంటాయి. ఈ పొలుసులే వేలికి అంటుకునే పొడి. అది తగిలితే కళ్లు పోతాయని పిల్లల్ని బెదిరిస్తుంటారు. కళ్లేమీ పోవు, సీతాకోకచిలుక రెక్క మాత్రం పాడవుతుంది.

బ్రిటన్‌లో 1976 నుంచి సీతాకోకచిలుకల్ని లెక్కపెడుతున్నారు. 13 డిగ్రీలకు తక్కువుంటే లెక్కకు దిగరు. 13, 17 మధ్య ఎండ బాగా ఉండాలి. 17 దాటితే మబ్బున్నా ఫరవాలేదు. మీరూ చల్లని రోజున పూల దగ్గర కాకుండా, గాలి తగలని చోట ఎండపడే రాళ్లమీద, ఎండుటాకులమీద వెతకండి. మబ్బు విడగానే ముందు లేచేవి చిన్నవి, ఎందుకంటే చిన్న ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది, చల్లారడమూ అంతే త్వరగా. దగ్గరికి వెళ్లేటప్పుడు మీ నీడ మాత్రం వాటిమీద పడనివ్వకండి.