తరగతి బ్లాగు: అపోహలు, వాస్తవాలు

తరగతికి ఒక బ్లాగు పెట్టుకోమనగానే టీచర్ల నుంచి వచ్చే మొదటి మాట: “పిల్లలందరికీ ఫోన్లు ఎక్కడివండీ?” చాలా బళ్లలో పని అక్కడే ఆగిపోతుంది. కొందరైతే ఆరో తరగతి పిల్లలకు పుట్టిన సంవత్సరం మార్చి మరీ జీమెయిల్ ఖాతాలు తెరిపిస్తారు. మన దేశంలో గూగుల్ ఖాతా సొంతంగా నడపాలంటే 13 ఏళ్లు నిండాలి. దయచేసి అలా వయసు మార్చి ఖాతాలు తెరిపించకండి.

గూగుల్ వాళ్ల ఉచిత బ్లాగు సేవ బ్లాగర్‌లో టీచరు ఖాతా ఒకటి, ఫోను ఒకటి చాలు. 40 మంది ఉంటే ఐదుగురేసి 8 జట్లు, వారానికి ఒక జట్టు వంతు. సోమవారం అంశం ఇవ్వండి. బుధవారానికి నోటుబుక్కులో 120–150 పదాల చిత్తుప్రతి. గురువారం పక్క జట్టు చదివి, అర్థంకాని వాక్యాల కింద గీత గీస్తుంది. తిరగరాశాక శుక్రవారం ఒకరు చదువుతుంటే ఇంకొకరు టీచరు ఫోనులో, టీచరు ఎదుటే టైపు చేస్తారు.

పోస్టు పెట్టేస్తే అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. అలా చేస్తే బ్లాగు నోటీసు బోర్డయిపోతుంది. అసలు చదువు కామెంట్ల దగ్గరే ఉంది. పోస్టు చదివి వినిపించి, మిగతా జట్లను చీటీ మీద రెండు వాక్యాలు రాయమనండి: నచ్చిన వాక్యం ఏది, ఎందుకు, ఇంకా ఏం తెలుసుకోవాలనుంది. ఉత్త “బాగుంది” చీటీలు తిప్పి పంపండి. “చెరువు ఎండిందన్నారు, ఏ నెలలో?” అని ఎవరైనా అడిగితే, రాసినవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను అడిగొచ్చి పోస్టు సరిచేస్తారు. ఆ రెండో రాత కోసమే ఇదంతా.

పిల్లల వివరాలు బయటపడతాయన్న తల్లిదండ్రుల భయం మాత్రం అపోహ కాదు. 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం కావాలంటుంది ఆ చట్టం. రాతపూర్వకంగా తీసుకోండి. పిల్లల పేర్లకు బదులు జట్టు పేరు పెట్టండి, ముఖాల ఫొటోలు వద్దు. కామెంట్ మోడరేషన్ (మీరు ఒప్పుకున్నాకే కామెంటు కనిపించే ఏర్పాటు) ‘ఎల్లప్పుడూ’ అని ఉంచండి. సెర్చ్‌లో కనిపించకుండా చేసినంత మాత్రాన తాళం వేసినట్టు కాదు, లింకు దొరికిన ఎవరైనా చూడగలరు. పాఠకులను ఆహ్వానితులకే పరిమితం చేస్తేనే తాళం. అప్పుడు తల్లిదండ్రులు గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి.

కాపీ కొడతారంటారా? నెట్‌లో దొరకని అంశం ఇవ్వండి: మీ వీధి బోరింగు, సంతలో ఈ వారం ధరలు. బ్లాగులో తెలుగు అక్షరాలు సరిగా కనిపించవన్నది డీటీపీ నుంచి అను ఫాంట్ల (యూనికోడ్ కాని పాత ఫాంట్లు) పాఠం అతికించినప్పటి గొడవ; ఫోనులోని జీబోర్డు కీబోర్డు రాసేది ఎక్కడైనా కనిపించే యూనికోడే. శీర్షిక తెలుగులో ఉంటే లింకులో అది కనిపించదు కాబట్టి, ప్రచురించే ముందే పర్మాలింక్‌లో (పోస్టు లింకు పేరు పెట్టే చోట) ఇంగ్లిష్ అక్షరాలతో పేరివ్వండి.

చాలా బ్లాగులు ఆగిపోయేది టీచరు బదిలీతో. ఇంకో టీచరును రచయితగా ఆహ్వానించి, వారు ఒప్పుకున్నాక అడ్మిన్‌గా మార్చండి. టర్మ్ చివర బ్యాకప్ తీసుకోండి. ఫొటోలను విడిగా కూడా దాచుకోండి.