కనెక్ట్ కాలేదంటే డేటా పోయినట్టు కాదు: అపోహలు - వాస్తవాలు

దాళ్వా ధాన్యం మిల్లులకు చేరే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో మొదటి మాట ఒకటే. "ఏవండీ, సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదండి, డేటా అంతా పోయిందండి!" భీమవరం ఫీడు డీలరైనా, తణుకు మిల్లు గుమాస్తా అయినా, అమలాపురం ఆసుపత్రిలో బిల్లింగ్ చూసే అమ్మాయి అయినా అదే మాట, అదే వణుకు. పదమూడేళ్లుగా ఈ గోదావరి డెల్టాలో, ఇలాంటి సాఫ్ట్‌వేర్ల డేటా దాచే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి సపోర్ట్ చేస్తున్నాను. డేటా నిజంగా పోయిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వాటిలోనూ ఎక్కువ, కంగారులో మన చేతులతో మనం పోగొట్టుకున్నవే.

అపోహ: కనెక్ట్ కాకపోతే డేటా పోయినట్టే, అంతా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

డేటా ఉండేది సర్వర్ కంప్యూటర్‌లో, పేరు చివర .mdf, .ldf అని ఉండే ఎండీఎఫ్, ఎల్‌డీఎఫ్ ఫైళ్లలో. మీ ముందున్న కంప్యూటర్, డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ సాయంతో నెట్‌వర్క్ మీదుగా అక్కడికి వెళ్లి అడుగుతుంది. ఆ దారి ఎక్కడ తెగినా ఎర్రర్ వస్తుంది. ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి.

నాలుగేళ్ల క్రితం అత్తిలి దగ్గర ఒక రైస్ మిల్లు. ముందు రోజు సాయంత్రం రౌటర్ మార్చారు, సర్వర్‌కి కొత్త ఐపీ అడ్రస్ వచ్చింది. గుమాస్తా గారి సిస్టమ్ పాత అడ్రస్‌నే వెతుకుతోంది, ఎర్రర్ 40 ఇస్తోంది. అయిదు నిమిషాల పని. నేను పాలకొల్లు నుంచి వెళ్లేసరికి ఎవరో కుర్రాడిని పిలిచి సర్వర్‌ని ఫార్మాట్ కొట్టించేశారు. డేటా సీ డ్రైవ్‌లో, బ్యాకప్ కూడా సీ డ్రైవ్‌లోనే. ఒక పెన్‌డ్రైవ్‌లో దొరికిన కాపీ సంక్రాంతి నాటిది. ఓనరు గారు వేబ్రిడ్జి చీటీల కట్టలు బల్లమీద పెట్టి "రైతులకి ఏం చెప్పమంటారండీ?" అని అడిగారు. నేనూ, గుమాస్తా గారూ, ఆయన భార్యా తొమ్మిది రోజులు కూర్చుని ఆ చీటీలన్నీ మళ్లీ ఎక్కించాం. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అతనికి ఎవరూ నేర్పలేదు. 'ఎర్రర్ వస్తే ఫార్మాట్ కొట్టాల్సిందే' అని ఊరూరా తిరిగే మాట మీదే నా కోపం.

అందుకని ముందు సర్వర్ కంప్యూటర్ దగ్గరికే వెళ్లి అక్కడ ఎస్‌ఎస్‌ఎంఎస్ (ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని డేటాని నేరుగా చూపించే టూల్) తెరవండి. టేబుళ్లు తెరుచుకుంటే డేటా క్షేమం, తేడా దారిలోనే ఉంది. ఎర్రర్ 26, 40 అంటే సర్వర్ దాకా చేరలేదని. సర్వీస్ ఆగిందేమో, ఐపీ మారిందేమో, ఫైర్‌వాల్ 1433 పోర్టుని ఆపుతోందేమో చూడాలి. కొత్తగా వేసిన ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో (ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత రకం) టీసీపీ/ఐపీ, అంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చే దారి, ఆఫ్‌లో ఉంటుంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఆన్ చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. పేరు పెట్టిన ఇన్‌స్టన్స్ (విడి పేరుతో ఇన్‌స్టాల్ చేసిన ఎస్‌క్యూఎల్ సర్వర్) అయితే ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ సర్వీస్, యూడీపీ 1434 పోర్టు కూడా చూడండి. ఎర్రర్ 18456 వస్తే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. సర్వర్ పలికింది, లాగిన్ ఒప్పుకోలేదు, అంతే.

అసలు సర్వీసే స్టార్ట్ కాకపోతే? ఏదీ అన్‌ఇన్‌స్టాల్ చేయకుండా, ఆ ఎండీఎఫ్, ఎల్‌డీఎఫ్ ఫైళ్లని ముందు బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. ఏ రిపేరైనా ఆ తర్వాతే.

అపోహ: విండోస్ 64-బిట్, కాబట్టి 64-బిట్ డీఎస్ఎన్ చాలు.

డీఎస్ఎన్ అంటే ఏ సర్వర్‌కి, ఏ డ్రైవర్‌తో వెళ్లాలో రాసిపెట్టిన సెట్టింగ్. దానికి చూడాల్సింది విండోస్‌ని కాదు, అప్లికేషన్‌ని. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు 32-బిట్, వాటికి 32-బిట్ డీఎస్ఎన్ కావాలి. డీఎస్ఎన్ పెట్టే ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్లు విండోస్‌లో రెండుంటాయి: సిస్టమ్32 ఫోల్డర్‌లోది 64-బిట్, సిస్‌వావ్64లోది 32-బిట్. పేర్లు తిరగబడి ఉంటాయి, జాగ్రత్త.

అపోహ: కొత్త డ్రైవర్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

ఓడీబీసీ డ్రైవర్ 17 తీసి 18 వేయగానే సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చిందని, వైరస్ అనుకుని రాత్రంతా టెన్షన్ పడినవాళ్లున్నారు. 18 నుంచి ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, అదే కారణం. సర్వర్‌కి సరైన సర్టిఫికెట్ పెట్టించడం పద్ధతి. 'ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్' ఆన్ చేసినా పని నడుస్తుంది, కానీ అవతల ఉన్నది మన సర్వరేనా అన్న తనిఖీ జరగదు.

అపోహ: ఈ టూల్స్ కొనాలి.

అక్కర్లేదు. ఎస్‌ఎస్‌ఎంఎస్, ఓడీబీసీ డ్రైవర్లు మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఉచితం. ఎవరి పెన్‌డ్రైవ్‌లోనో ఉన్న సెటప్ వేయకండి.

అపోహ: మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిస్తే సర్వర్ ఆగిపోతుంది.

ఆగదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 వెర్షన్‌కి 2024 జులై 9తో సపోర్ట్ ముగిసింది, ఇప్పటికీ మిల్లుల్లో నడుస్తోంది. విడిగా డబ్బు కడితే తప్ప సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. అలాంటి సర్వర్‌ని ఇంటర్నెట్‌కి తెరిచి మాత్రం పెట్టకండి.

సపోర్ట్‌కి ఫోన్ చేసేటప్పుడు "పని చేయట్లేదండి" అని ఆపేయకండి. ఎర్రర్ మొత్తం కనిపించేలా ఫొటో, ఎస్‌ఎస్‌ఎంఎస్‌లో సర్వర్ పేరు పక్కన ఉండే వెర్షన్ నంబరు, నిన్నటికీ ఈరోజుకీ మధ్య ఏం మార్చారో ఒక ముక్క, ఈ మూడూ పంపండి. రౌటర్ మార్చామని ఆ రోజు ఫోన్‌లోనే చెప్పి ఉంటే, ఆ మిల్లులో సాయంత్రానికల్లా బిల్లులు కొట్టేవాళ్లు.