ఏనుగు, ఆనె, ఆన: ఒకే కుండ తోడు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

బెంగుళూరులో చదువుకుంటున్న మా మనవరాలు పోయిన వారం రాసిన జాబులో ఒక ప్రశ్న ఉంది. బడిలో ఏనుగు బొమ్మ చూపించినప్పుడు పక్కనున్న కన్నడ పిల్ల "ఆనె" అన్నదట, వెనుక బల్ల మీది తమిళ పిల్లవాడు "యానై" అన్నాడట, మలయాళం మాట్లాడే అమ్మాయి "ఆన" అన్నదట. "తాతయ్యా, వీళ్ళలో ఎవరు ఎవరిని చూసి రాశారు?" అని అడిగింది. ఎవరూ ఎవరినీ చూసి రాయలేదని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు గాని, ఇంత మంచి ప్రశ్నకు అంత చిన్న జవాబు చాలదనిపించి, మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా చిన్నతనంలో ఇంట్లో పెరుగు ఎలా తోడుకునేదో ముందు చెబుతాను. అవ్వ రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి మూత పెట్టేది. ఆ చెంచాడు పెరుగును తోడు అంటారు. మా మేనత్తలు కాపురానికి వెళ్ళినప్పుడు మా ఇంటి తోడునే చిన్న ముంతలో పట్టుకుపోయారని అవ్వ చెప్పేది. ఒకే తోడు వెళ్ళినా, ఒక మేనత్త ఇంట్లో పెరుగు గట్టిగా, మరొకరి ఇంట్లో కాస్త పుల్లగా ఉండేది. అక్కడి పాలు వేరు, అక్కడి కుండ వేరు, అక్కడి ఎండ వేరు.

ఏనుగు పేరు కూడా ఇలాగే ప్రయాణం చేసింది. సుమారు 4,500 ఏళ్ళ కిందట తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం లాంటి మన ద్రావిడ భాషలన్నీ ఒకే ఇంటి మాటగా ఉన్నాయని భాషలను పరిశోధించేవారు లెక్కకట్టారు. ఆ ఇంట్లో ఈ జంతువు పేరు "యానై"కి దగ్గరగా ఉండేది. సంగ కాలపు తమిళంలో, అంటే మనకు దొరికే అతి పాత తమిళ పాటల్లో, ఇప్పటికీ మనకు కనిపించే రూపం అదే. ఆ ఇల్లు విడిపోయి అక్కచెల్లెళ్ళు తలొక దిక్కుకూ వెళ్ళినప్పుడు ఈ తోడును వెంట తీసుకువెళ్ళారు. కన్నడంలోను, తుళులోను అది "ఆనె"గా తోడుకుంది, మలయాళంలో "ఆన"గా తోడుకుంది. తెలుగులో "ఏనుఁగు" అయింది, చివరి "గు" మన కుండలో కట్టిన మీగడ అనుకోండి. గోండులు "ఏనీ" అంటారు, బస్తరు అడవుల్లోని పర్జీ భాషలో "ఏను" అంటారు. నీలగిరి కొండల మీద గేదెలను మేపుకునే తోడా తెగవారు "ఓన్" అంటారు. గేదె పాలు చిక్కన కదా, అక్కడ ఆ పెరుగు మరీ వేరే రుచికి తిరిగింది!

అయితే ఇవన్నీ ఒకే తోడు అని ఎలా తెలుసు? ఇక్కడే నన్ను ఇన్నేళ్ళుగా ఆశ్చర్యపరుస్తున్న సంగతి ఉంది. మనం "ఏ" అన్నచోట తమిళులు "యా" అనో "ఆ" అనో అనడం ఈ ఒక్క మాటలోనే జరగలేదు. మన ఊరి పక్కన పారే ఏరును వారు "ఆరు" అంటారు. "పోయిన ఏడు వానలు బాగా పడ్డాయి" అని మనం చెప్పుకునే ఏడు, అంటే సంవత్సరం, వారికి "ఆండు". పాత తమిళంలో ఈ మాటలు "యాఱు", "యాండు" అని, ఏనుగు "యానై" అని "యా"తోనే మొదలవుతాయి. ఆ "యా" తెలుగు నోట ఈ మూడింటిలోనూ "ఏ" అయింది, తమిళ నోట మెల్లగా "య" జారిపోయి "ఆ" మిగిలింది. ఏనుగుకు మాత్రం వారి దగ్గర పాత "యానై", కొత్త "ఆనై" రెండూ ఉన్నాయి. మీరే ఒకసారి "యా, యా, యా" అని గబగబా అని చూడండి. "య" కోసం పైకి లేచిన నాలుక "ఆ" కోసం పూర్తిగా కిందికి దిగేలోపే నోట్లో "ఏ" లాంటిది పుడుతుంది. తెలంగాణ పల్లెల్లో గొర్రెను, మేకను "యాట" అనడం విన్నారా? తమిళుల "ఆడు", పాత తమిళపు "యాడు" దానికి తోబుట్టువులే.

మరొక సంగతి చూడండి. "గజం" అనే మాట తెలుగులో, కన్నడంలో, తమిళంలో ఇంచుమించు ఒకేలా ఉంటుంది, ఎందుకంటే ముగ్గురూ దానిని సంస్కృతం నుంచి తెచ్చుకున్నారు. రెండిళ్ళలో పెరుగు అచ్చంగా ఒకే రుచిగా ఉంటే ఇద్దరూ ఒకే అంగడిలో కొన్నారేమో అనుకోవాలి. ఒకే పద్ధతిలో తేడాగా ఉంటేనే, అది ఇంట్లో తోడుపెట్టిన పెరుగని నమ్మవచ్చు. 1816లో మద్రాసులో ఉద్యోగం చేస్తుండిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి జోడించిన వ్యాసంలో, తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమని మాటలను పక్కపక్కన పెట్టి చూపించాడు. తరువాత 1961లో బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు ఇలాంటి మాటలన్నిటినీ ఒక పెద్ద నిఘంటువుగా కూర్చారు. మన తెలుగువారైన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ విద్యలో ప్రపంచమంతా గౌరవించిన పండితులు.

నా సొంత కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. మా ఊరు కుప్పానికి దగ్గర. అక్కడ మూడు రాష్ట్రాలు కలుస్తాయి, మూడు భాషలు సంతలో కలుస్తాయి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఏదో గుడి ఏనుగును మావటివాడు మా ఊరి మీదుగా నడిపించుకుపోతున్నాడు. మా వీధి పిల్లలం "ఏనుగు వచ్చింది" అని అరిచాము. సంతకు వచ్చిన కన్నడ రైతు కొడుకు "ఆనె బంతు, ఆనె బంతు" అని గంతులు వేశాడు. వాడికి సరిగ్గా పలకడం రాదనుకుని నేను పకపకా నవ్వాను. అవ్వ నా చెవి పట్టుకుని, "వాని చెవికి నీ మాట ఎట్ల వినబడుతుందో అడిగినావా?" అన్నది. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఎన్నో ఏళ్ళ తరువాత ఆ రెండు మాటలూ తోబుట్టువులని చదివినప్పుడు, ఆ కుర్రవాడు ఎదురుగా ఉంటే క్షమించమని అడగాలనిపించింది. ఒకరి యాస విని నవ్వకండి, పిల్లలూ. మీరు పోగొట్టుకున్న అక్షరం వారి నోట్లో భద్రంగా ఉండవచ్చు.

ఆ రోజుల్లో మా అడవుల్లో అడవి ఏనుగు ఒక్కటీ లేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు వచ్చి స్థిరపడ్డాయి, 1990లో వాటి కోసం కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. జంతువు లేని ఊళ్ళో దాని పేరు తరతరాలుగా నోటినుంచి నోటికి జాగ్రత్తగా దిగుతూ వచ్చిందన్నమాట. పేర్లు నేల మీద కూడా నిలిచిపోతాయి. తుంగభద్ర ఒడ్డున హంపీకి ఎదురుగా ఉన్న ఆనెగొంది పేరుకు కన్నడంలో ఏనుగుల గుంట అని అర్థం. కేరళలో 2,695 మీటర్ల ఎత్తున్న ఆనముడి శిఖరం పేరులోనూ, తమిళనాడు సరిహద్దులోని ఆనైమలై కొండల పేరులోనూ ఏనుగు ఉంది. మనకైతే ఏనుగు ఇంటిపేరే అయింది: భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన కవి ఏనుగు లక్ష్మణకవి.

మొట్టమొదట ఆ జంతువును చూసి "యానై" అన్నది ఎవరో, ఏ నీటి రేవు దగ్గరనో, ఎంత భయంతోనో ఆలోచిస్తూ కూర్చుంటే నాకు పొద్దు తెలియదు. నీలగిరుల నుంచి గోదావరి అడవుల దాకా ఆ పేరు దొరుకుతున్నదంటే, ఇల్లు విడిపోక ముందే మన పూర్వులు ఆ జంతువుతో అడవిని పంచుకున్నారని మాత్రం తెలుస్తుంది.

ఇక మీకు ఒక పని చెబుతాను. మన "ప" కన్నడంలో చాలా చోట్ల "హ"గా తోడుకుంటుంది. పాలు అక్కడ హాలు, పూవు హూవు, పాము హావు. ఇప్పుడు పులిని వారు ఏమంటారో ముందుగా మీరే ఊహించి ఒక కాగితం మీద రాసి, మడిచి జేబులో పెట్టుకోండి. ఆ తరువాతే కన్నడం మాట్లాడే స్నేహితులను అడగండి. తుళు మాట్లాడేవారు దొరికితే వారినీ అడగండి, వారి జవాబు కొంచెం వేరుగా ఉంటుంది. ఆ రెండు మాటలూ, మీరు ముందు రాసుకున్న కాగితమూ కలిపి నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య