కొండ కరిగి ద్వీపమైంది

పిల్లలకు తాతయ్య దీవెనలు.

సముద్రాన్ని పూడ్చి ఊరు కడితే అంత మట్టి ఎక్కడిది తాతయ్యా అని అడిగారుగా. మంచి ప్రశ్న. పెద్దవాళ్ళు మేడలు చూసి ముచ్చటపడతారే గానీ మట్టి సంగతి అడగరు. జపాన్‌లో కోబె నగరం ముందు సముద్రాన్ని పూడ్చి కట్టిన పోర్ట్ ఐలాండ్ అనే ద్వీపం గురించి చెబుతాను, వినండి.

కోబె ఇరుకు ఊరు. వెనక రొక్కో కొండలు, ముందు సముద్రం, మధ్యలో సన్నటి పట్టీలా నేల. 1960ల్లో ఓడల సరుకు కంటెయినర్లలో రావడం మొదలైంది. వాటిని దించడానికి లోతైన రేవు, పేర్చడానికి విశాలమైన చదును కావాలి. ఊళ్ళో అంత జాగా ఎక్కడుంది? అప్పటి మేయర్ హరగుచి చూజిరో స్వయానా సివిల్ ఇంజనీరు. 1966లో సముద్రంలోనే పని మొదలైంది.

మట్టి కోసం పడమట సుమ వైపు కొండలు తవ్వారు. లారీల్లో తోలితే ఊరంతా దుమ్ము, ట్రాఫిక్ జామ్. అందుకని సొరంగాల గుండా కన్వేయర్ బెల్టు వేసి తీరం దాకా తెచ్చి, అక్కడ బార్జిల్లో, అంటే చదునైన సరుకు పడవల్లో, నింపేవారు. బార్జి అడుగు తెరుచుకుంటే మట్టి నీళ్ళలోకి జారిపోయేది. తవ్వగా చదునైన కొండమీద కాలనీలు కట్టారు. ఒకే మట్టితో రెండు ఊళ్ళన్నమాట! ఈ లెక్క నాకు భలే నచ్చుతుంది. పోయిన చెట్లను తలుచుకుంటే మాత్రం మనసొప్పదు.

1981కల్లా 4 చదరపు కిలోమీటర్లకు పైగా నేల తయారైంది. అంచుల్లో రేవులు, గోదాములు; లారీల రొద తగలకుండా నడుమ ఇళ్ళు, బడులు, ఆస్పత్రి. డ్రైవర్ లేని పోర్ట్ లైనర్ రైలు కూడా ఆ ఏడాదే వచ్చింది. అప్పుడే అక్కడ పెట్టిన ఎగ్జిబిషన్‌కు దాదాపు 1.6 కోట్లమంది వచ్చారు.

1995 జనవరి 17 తెల్లవారుజామున పెద్ద భూకంపం. బీచ్‌లో తడి ఇసుక మీద నిలబడి పాదాలు గబగబా ఆడించి చూడండి, నీరు పైకి ఉబికి కాలు దిగబడుతుంది. ద్వీపంలోనూ జరిగింది అదే. కుదుపుకు రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి, రేణువుల పట్టు వదిలి, నేల బురదైపోయింది. రేవు గోడలు కొన్నిచోట్ల మీటర్లకొద్దీ సముద్రంవైపు జరిగాయి. లోతుగా పైల్స్, అంటే పునాది స్తంభాలు, దింపి కట్టిన భవనాలు నిలిచాయి, చుట్టూ నేల మాత్రం కుంగింది. ముందే మట్టిని దట్టించి గట్టిపరిచిన చోట్ల నష్టం బాగా తక్కువ. ఆ ఖర్చు అంతటా పెట్టాల్సిందని నేనంటాను.

తర్వాత వైద్య పరిశోధనా సంస్థలు వచ్చాయి. ఫుగాకు సూపర్ కంప్యూటర్ ఉన్నదీ ఇక్కడే. ఇంకా దక్షిణాన మరో ద్వీపం పోసి 2006లో విమానాశ్రయం తెరిచారు.

మ్యాప్‌లో కోబె తీరం చూడండి. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, మూలలు తేలి కనిపించేదంతా మనుషులు పోసిన నేలే. ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టి రాయండి.

మీ
తాతయ్య