ఆఫ్రికా ట్విన్ కొనాలా, జీఎస్ కొనాలా? కోరాపుట్ కొండదారుల్లో పెద్ద ఎండ్యూరో బళ్లు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో బళ్లు రిపేరు చేయడం నా పని. సెలవు రోజుల్లో పెద్ద సీసీ బళ్లు కొన్నవాళ్లకి మట్టిదారిలో తోలడం నేర్పిస్తుంటాను. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి నుంచి, కొండ దిగితే సాలూరు, పార్వతీపురం నుంచి మన తెలుగువాళ్లే ఎక్కువగా వస్తుంటారు. ఈమధ్య అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఆఫ్రికా ట్విన్ తీసుకోనా, జీఎస్ తీసుకోనా?" వీడియోలు చూసి, స్నేహితుల మాటలు విని, సగం నిర్ణయం ఇంటిదగ్గరే చేసుకుని వస్తారు. ఆ సగంలోనే తప్పులు ఎక్కువ. ఇంత డబ్బు పోసే ముందు ఇది ఒకసారి చదవండి.

నేను చెప్పేది ఎండ్యూరోలనే, అంటే తారు మీదా మట్టిలోనూ పోయే, ఈ పెద్ద బళ్ల గురించి: హోండా సీఆర్ఎఫ్ 1100ఎల్ ఆఫ్రికా ట్విన్ అడ్వెంచర్ స్పోర్ట్స్, ఇంజిను 1084 సీసీ. రెండోది బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్, 1254 సీసీ. దాని వారసుడు ఆర్ 1300 జీఎస్ మన దేశంలోకి 2024లో వచ్చింది.

అపోహ: సీసీ ఎంత ఎక్కువైతే ఆఫ్‌రోడ్‌లో అంత బాగా పోతుంది. పైగా ఇవి డకార్ ఎడారి పందెం గెలిచిన బళ్లు.

డకార్ కథ నిజమే. బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్ మీద యూబేర్ ఓరియోల్ 1981లో గెలిచాడు. హోండా ఎన్ఎక్స్ఆర్ 750 1986 నుంచి 1989 దాకా వరసగా నాలుగుసార్లు గెలిచింది. దాని పోలికతోనే 1988లో మొదటి ఆఫ్రికా ట్విన్, 650 సీసీది, బజారులోకి వచ్చింది. కానీ 2011 నుంచి డకార్‌లో మోటార్‌సైకిళ్లకి 450 సీసీయే పరిమితి. అంటే ఇవాళ ఆ పందెంలో పరిగెత్తేవి షోరూములో మీరు చూసే ఈ పెద్ద బళ్లు కావు, వాటికంటే ఎంతో తేలికైనవి.

1250 జీఎస్‌కి 136 హార్స్‌పవర్ ఉంటే ఆఫ్రికా ట్విన్‌కి నూటికి కాస్త పైన. సాలూరు నుంచి పి.కోనవలస ఘాటీ ఎక్కుతూ వరసగా లోడు లారీల్ని దాటాలంటే ఆ తేడా తెలుస్తుంది. వాన పడ్డాక లమ్తాపుట్ దాటి పల్లెదారి పట్టాక తెలియదు. ఎర్రమట్టి తడిస్తే వెనక టైరు గళ్లు ఒక్క చుట్టులో పూడిపోతాయి. అక్కడ నూరు హార్స్‌పవర్ ఉన్నా నూట నలభై ఉన్నా చక్రం తిరుగుతుందే తప్ప బండి కదలదు. మట్టిలో కావలసింది బండి బరువుని అదుపులో పెట్టుకోగలగడం. ఈ పోస్టు అంతా దాని గురించే.

అపోహ: హోండా తేలిక, బీఎండబ్ల్యూ బరువు.

నిండు ట్యాంకుతో ఆఫ్రికా ట్విన్ అడ్వెంచర్ స్పోర్ట్స్ మాన్యువల్ 240 కిలోల దగ్గర తూగుతుంది, డీసీటీ (క్లచ్ లీవరు లేకుండా గేర్లు వాటంతటవే పడే రకం) అయితే ఇంకో పది కిలోలు. 1250 జీఎస్ 249 కిలోలు, 1300 జీఎస్ 237. కాబట్టి బరువు చూసి వీటిలో ఒకటి ఎంచుకోవడానికి ఏమీ లేదు. తేడా అంతా ఆ బరువు ఎక్కడ కూర్చుందన్న దాంట్లో ఉంది.

జీఎస్ ఇంజినులో సిలిండర్లు రెండూ పక్కలకి పడుకుని ఉంటాయి, బరువు కిందే ఉంటుంది. నడక వేగంలో బండి తేలికగా అనిపిస్తుంది. ఆఫ్రికా ట్విన్ అడ్వెంచర్ స్పోర్ట్స్‌లో పాతిక లీటర్ల పెట్రోలు పైన ఉంటుంది. ట్యాంకు నిండా ఉన్నప్పుడు బండి ఒక పక్కకి వాలిందంటే ఆపడం కష్టం. సగం ఖాళీ అయ్యాక అదే బండి వేరే బండిలా నడుస్తుంది. అందుకే మట్టిదారికి పోయే రోజు ట్యాంకు నింపొద్దని హోండా వాళ్లకి చెబుతాను. సెమిలిగుడలోనో నందపూర్‌లోనో పోయించుకుని బయల్దేరితే ఒక రోజు తిరుగుడుకి సగం ట్యాంకు బాగా సరిపోతుంది.

ఇక పడిపోయినప్పుడు. పడుతుంది, అందులో అనుమానం లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లకి మొదటి రోజు బండి లేపడమే నేర్పిస్తాను, తోలడం తర్వాత. ముందు ఇంజిను ఆపాలి. బండి కుడిపక్కకి పడితే సైడు స్టాండు ముందే కిందికి లాగి పెట్టాలి, లేకపోతే లేపాక అవతలి పక్కకి పడుతుంది. గేరులో ఉంచాలి. డీసీటీలో అది కుదరదు కాబట్టి పార్కింగ్ బ్రేకు వేయాలి. హ్యాండిల్ నేలవైపు పూర్తిగా తిప్పి, సీటుకి వీపు చేసి, పిరుదులు సీటుకి ఆనించి కూర్చోవాలి. ఒక చెయ్యి హ్యాండిల్ గ్రిప్పు మీద, ఇంకో చెయ్యి వెనక గట్టిగా ఉన్న ఏదైనా రాడ్డు మీద. నడుము వంచకుండా, కాళ్లతో తోస్తూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయాలి. ఏటవాలు మీద పడితే ముందు బండిని నేల మీదే తిప్పి చక్రాలు పల్లంవైపు వచ్చేలా చేసుకోవాలి.

ఇక్కడ జీఎస్‌కి ఒక లాభం ఉంది. సిలిండరు గార్డు మీద ఆగి బండి పూర్తిగా నేలకి కరుచుకోదు, సగం లేచే ఉంటుంది. నష్టమూ ఆ సిలిండర్లతోనే. గాడి పడిన దారిలో కాళ్లు కింద పెట్టి నడిపిస్తూ పోతే కాలు సిలిండరుకీ వెనక పక్కన తగిలించిన సామాను పెట్టెకీ మధ్య ఇరుక్కుంటుంది. అందుకే జీఎస్ వాళ్లని కాళ్లు ఫుట్‌రెస్టు మీదే ఉంచి నిలబడి తోలమని పదే పదే హెచ్చరిస్తాను.

అపోహ: రెండూ ఎండ్యూరోలే కదా, చక్రం సైజులో ఏముంది?

నన్నడిగితే నిర్ణయం తేలేది ఇక్కడే. 2020 నుంచి వచ్చిన ఆఫ్రికా ట్విన్ అడ్వెంచర్ స్పోర్ట్స్‌కి ముందు 21 అంగుళాల సన్న చక్రం, వెనక 18. జీఎస్‌కి ముందు 19, వెనక 17, రెండూ వెడల్పువి. ముందు షాకప్ ఆడే దూరం హోండాలో 230 మిల్లీమీటర్లు, 1250 జీఎస్‌లో 190.

పెద్ద సన్న చక్రం రాయిని ఎక్కి దాటుతుంది, బురదని కోసుకుని కింద గట్టి నేలని పట్టుకుంటుంది. వెడల్పు చక్రం మెత్తటి బురద మీద తేలి పక్కకి జారుతుంది. దానికి తోడు జీఎస్‌లో ముందు ఫోర్కుకి టెలిలివర్ అనే ఏర్పాటు ఉంది. బ్రేకు పట్టినప్పుడు ముందు భాగం కుంగదు. వెనక భార్యని కూర్చోబెట్టుకుని, పెట్టెల నిండా సామానుతో సుంకి నుంచి సాలూరుకి ఘాటీ దిగేటప్పుడు అది ఎంత సుఖమో దిగినవాళ్లకే తెలుసు. కానీ ముందు చక్రం కింద నేల ఏమంటోందో చేతులకి చేరడం ఆ ఏర్పాటు వల్ల కొంత తగ్గుతుంది. తారు మీద అది సమస్యే కాదు, బురదలో సమస్యే.

మన వైపు ఇంకో సంగతి. పంట చేతికొచ్చే రోజుల్లో చోళ్లు (రాగులు), వరి పల్లెల దగ్గర తారు రోడ్డు మీదే పరుస్తారు, బళ్లు తొక్కితే నూర్పిడి అవుతుందని. ఆ గడ్డి మీద ఏ చక్రమైనా జారుతుంది. బండి నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టుకోకుండా, ఒకే వేగంతో దాటాలి. పరిచింది వాళ్ల తిండి, కాబట్టి అక్కడ వీలీలూ ఆటలూ వద్దు.

హోండా కొనేవాళ్లకి ఒక జాగ్రత్త: 2024 మోడల్ నుంచి అడ్వెంచర్ స్పోర్ట్స్‌కి కూడా ముందు 19 అంగుళాల చక్రమే పెట్టారు. 21 చక్రం కోసమే కొంటున్నట్టయితే ఏ సంవత్సరం బండో అడిగి తెలుసుకోండి.

నా తీర్పు అడిగితే ఇదీ. విశాఖ, హైదరాబాద్, కోల్‌కతా అని ఇద్దరు దూరాలు తిరుగుతూ, దేవ్‌మాలి లాంటి చోటికి అప్పుడప్పుడు ఎక్కేవాళ్లకి జీఎస్. 1,672 మీటర్ల ఆ కొండ ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనదే అయినా ఇప్పుడు చాలా దూరం మంచి రోడ్డే ఉంది. తారు వదిలి లోపలికి పోవడమే మీ ఇష్టమైతే 21 అంగుళాల ఆఫ్రికా ట్విన్, అదీ మాన్యువల్. ఒంటరిగా సన్నటి అడవి దారుల్లో తిరగాలనుకుంటే రెండూ వద్దు. 196 కిలోల హిమాలయన్ 450 లాంటిది తీసుకోండి. డబ్బు మిగులుతుంది, నడుమూ మిగులుతుంది.

అపోహ: షాఫ్ట్ ఉంటే ఏ పనీ ఉండదు. చైను పాతకాలపుది.

జీఎస్‌లో వెనక చక్రాన్ని చైను బదులు షాఫ్ట్ అనే ఇనుప కడ్డీ తిప్పుతుంది, హోండాలో చైనే. తారు రోడ్డు మీద షాఫ్ట్ నిజంగా హాయి. రోజూ చైను కడగక్కర్లేదు, ఆయిలు కొట్టక్కర్లేదు. కానీ పని లేదనడం తప్పు. వెనక ఫైనల్ డ్రైవులో, అంటే షాఫ్ట్ తిప్పుడుని చక్రానికి అందించే గేరు పెట్టెలో, ఆయిలు వేళకి మార్చాలి. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ దగ్గర రబ్బరు బూటు చిరిగితే నీళ్లు లోపలికి పోతాయి, లోపల తుప్పు పట్టేది బయటికి కనపడదు. వాగులు దాటేవాళ్లు ఆ రబ్బరు మీద వేలు పెట్టి చుట్టూ తడిమి చూడటం అలవాటు చేసుకోవాలి.

చైను తెగినా సాగినా ఎక్కడైనా సర్దుకోవచ్చు. ఒక లింకు, చిన్న చైను పనిముట్టు సంచిలో ఉంటే మాచ్‌ఖండ్ రోడ్డు పక్కన కూర్చుని నేనే బాగుచేయగలను. షాఫ్ట్ పోతే నాబోటివాడు చేయగలిగింది ఏమీ లేదు, బండిని వ్యాను ఎక్కించాల్సిందే. జయపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాట. వ్యాను ఖర్చు, ఆ టెన్షన్ ముందే లెక్కలో వేసుకోండి.

అపోహ: డీసీటీ మట్టిలో పనికిరాదు.

పనికొస్తుంది. ఏటవాలు ఎక్కుతుంటే ఇంజిను ఆగిపోదు, కొత్తవాళ్లకి అదే పెద్ద ధైర్యం. జీ అనే బటను నొక్కితే క్లచ్ జారడం తగ్గి, యాక్సిలరేటరు ఇచ్చినంత వెంటనే చక్రానికి అందుతుంది. లోటల్లా హాఫ్ క్లచ్ లేకపోవడమే. ఇరుకులో, వాలులో నడక వేగంతో తిప్పుకోవాల్సినప్పుడు మన చేతివేళ్లు చేసే పని వెనక బ్రేకుతో చేయాలి. నేర్చుకోవచ్చు, టైము పడుతుంది. తాళం తీస్తే బండి న్యూట్రల్‌కి వస్తుంది. వాలులో ఆపినప్పుడు పార్కింగ్ బ్రేకు మర్చిపోతే స్టాండు మీంచి జారి పడుతుంది.

అపోహ: అంత పెద్ద బండి, మోకాలి లోతు వాగు ఒక లెక్కా?

లెక్కే. కాళ్లతో నడిచి దాటలేని నీటిలోకి బండి దించకూడదు. ఈ కొండల్లో పైన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. నీళ్లలో ఇంజిను ఆగిపోతే స్టార్టరు బటను ముట్టుకోవద్దు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తోసుకుంటూ బయటికి తెచ్చి, స్పార్క్ ప్లగ్గులు విప్పి, నీళ్లు పోయేదాకా తిప్పాలి. ఈ పని జీఎస్‌లో సులువు, ప్లగ్గులు రెండు పక్కలా చేతికి అందుతాయి. ఆఫ్రికా ట్విన్‌లో ట్యాంకు దించాల్సి వస్తుంది.

అపోహ: అల్యూమినియం పెట్టెలు లేకపోతే అది అడ్వెంచర్ బండే కాదు.

మట్టిదారికి గుడ్డ సంచులే మేలు. బరువు తక్కువ, పడ్డప్పుడు కాలు విరిగే భయం తక్కువ.

అపోహ: మట్టిలో టైరు గాలి తగ్గిస్తే రిమ్ము పోతుంది.

కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. తారు మీద నిండా గాలి ఉండే వెనక టైరుని మట్టిలో ఇరవై ఎనిమిది పీఎస్ఐ దాకా తేవచ్చు. రాళ్లదారి అయితే అంతకంటే దించకండి. తారు ఎక్కగానే మళ్లీ కొట్టుకోవాలి, కాబట్టి చిన్న పంపు సంచిలో ఉండాలి.

అపోహ: ఆంధ్రా నంబరు బండి ఇక్కడ ఎంతకాలమైనా తోలుకోవచ్చు.

మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి. విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొని కోరాపుట్ తెచ్చుకునేవాళ్లు ఎన్‌వోసీ, ఇక్కడి టాక్సు రెండూ ధరలో కలుపుకుని బేరమాడండి. కొత్త బండి అయితే పాత వీడియోల్లోని ధరలు నమ్మొద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ల మీద జీఎస్టీ 40 శాతం.

సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు ముందు కింద పడుకుని ఇంజిను కింది ప్లేటు చూడండి. గీతలుంటే భయపడక్కర్లేదు, లోపలికి నొక్కుకుపోయి ఉంటేనే ఆలోచించాలి. చిన్న స్పానరుతో స్పోకులు ఒక్కొక్కటీ కొట్టి వినండి. అన్నీ ఖంగుమని, ఒకటి రెండు డబ్‌మని మోగితే అవి వదులైనట్టు. రిమ్ము అంచు వెంబడి వేలితో తడిమితే సొట్టలు దొరుకుతాయి. అడ్వెంచర్ స్పోర్ట్స్‌కీ, జీఎస్ స్పోకు చక్రాలకీ ట్యూబు ఉండదు కాబట్టి సొట్ట దగ్గర గాలి మెల్లగా పోతుంది. జీఎస్ అయితే వెనక చక్రాన్ని రెండు చేతులతో పైనా కిందా పట్టుకుని ఊపండి. చేతికి ఆట బాగా తగిలితే ఫైనల్ డ్రైవు బేరింగు షోరూములో చూపించనిదే డబ్బు ఇవ్వొద్దు. హోండా అయితే చైను వెనక స్ప్రాకెట్ మీద నడిమధ్య పట్టుకుని బయటికి లాగండి. పళ్లు సగం కనపడేంత లేస్తే చైను సెట్ మార్చాల్సిందే, ఆ ఖర్చు అమ్మేవాడి లెక్కలో తీయించండి.